ఆ ముఖం వాడిది కాదు

మార్చి 9

నాయనా,

ఫోన్ చేయకుండా ఈ ఉత్తరాలేంటని అనుకోకు. మా ఇద్దరి ఫోన్లూ పోలీసులు తీసుకెళ్ళారు. మొన్న పక్కింటి టీచరమ్మ ఫోన్‌కి ఎవరో చేసి, "వదినా, నేను" అన్నారు. నువ్వే అనుకుని ఏడుస్తూ ఏదేదో మాట్లాడాను. అది నువ్వు కాదు. సాయంత్రం టీవీలో నా ఏడుపు నాకే వినిపించింది, కింద అక్షరాలు కూడా వేశారు. ఇక ఫోన్ ముట్టుకోను. నీ చేతిరాతయితే గుర్తుపడతాను. నేను కాపురానికి వచ్చినప్పుడు నువ్వు ఏడో తరగతి. అప్పటినుంచీ అదే కోడి కెలికిన రాత. జవాబు టీచరమ్మ పేరు మీద రాయి. ఆవిడ కూరల సంచిలో పెట్టి తెచ్చిస్తుంది. నువ్వు మాత్రం ఇటు రాకు, నిన్నూ చుట్టుముడతారు.

ఆ రోజు నేను ఆసుపత్రిలో డ్యూటీలోనే ఉన్నాను. బస్ స్టేషన్‌లో ఏదో జరిగిందన్నారు, అంతే తెలుసు. స్ట్రెచర్లు వరసపెట్టి వస్తుంటే ఒకళ్ళ తర్వాత ఒకళ్ళకి ఎక్స్‌రే తీస్తూనే ఉన్నాను. నీళ్ళు తాగడానికి కూడా ఆగలేదు. అందరివీ అయ్యాక చేతులు కడుక్కుంటుంటే గుమ్మంలో ఇద్దరు పోలీసులు నిలబడ్డారు. నా పేరు అడిగారు. తర్వాత వాడి పేరు చెప్పి, మీ అబ్బాయేనా అన్నారు. దెబ్బలు తగిలినవాళ్ళలో వాడూ ఉన్నాడనుకున్నాను. "ఏ వార్డులో ఉన్నాడు?" అని అడిగాను. వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

ఇంతకంటే రాయలేను. మిగతాది నీకూ తెలుసు.

కిటికీలకి దుప్పట్లు కట్టాం. ఎదురు మేడ మీద టీవీవాళ్ళు కెమెరా పెట్టారు. మెట్ల మీద ఎప్పుడు చూసినా అయిదారుగురుంటారు. అందులో ఒకడు మీ అన్నయ్య దగ్గర డ్రైవింగ్ నేర్చుకున్నవాడేనట. మైకు పట్టుకున్న ఒక పిల్ల తలుపుకి ఆనుకుని కూర్చుని, ఒక్క మాట చెప్పండమ్మా వెళ్ళిపోతాం, అంటూ ఉంటుంది. గొంతు ఎంత మెత్తగా ఉంటుందో! కుళాయి తిప్పినా చప్పుడు వింటారని బకెట్టు నిండుగా పెట్టుకుని చెంబుతో వాడుకుంటున్నాం. మీ అన్నయ్య గోడవైపు తిరిగి పడుకుంటే మళ్ళీ అన్నానికే లేస్తాడు, అదీ నేను లాగితే.

అన్ని పేపర్లలోకీ నీ పేపరొక్కటే వాడి పేరు వేయలేదు, ఫొటో వేయలేదు. టీచరమ్మ తెచ్చి చూపించింది. ఈ ఇంటి పరువు నువ్వైనా కాస్త దాచావు. నీ మేలు మర్చిపోను.

ఇంకో మాట, నీకు మాత్రమే. టీవీల్లో తిప్పి తిప్పి చూపిస్తున్న ముఖం మనవాడిది కాదు. వీడితోపాటే పార్సిల్ గోడౌన్‌లో పనిచేసిన ఇంకో అబ్బాయిది. ఇద్దరిదీ ఒకటే పేరు. నెట్‌లో ఆ పేరు కొట్టి చూసి, దొరికింది వేసేసినట్టున్నారు. మొదటి రోజు అది చూసి నాకు అమ్మయ్య అనిపించింది. నిజం చెబుతున్నాను. నువ్వు కూడా ఎవరికీ చెప్పకు. అలాగే పోనీ. కొన్నాళ్ళకి అందరూ మర్చిపోతారు.

నీ వదిన

మార్చి 12

వదినా,

నీ ఉత్తరం అందగానే ఆఫీసు మెట్ల మీదే నిలబడి చదివాను.

ముందుగా, నాకు మేలూ గీలూ అనకు. నేను ఇంటి పరువు కోసం చేయలేదు. కొన్నేళ్ళ కిందట ఇంకో ఊళ్ళో ఇలాంటిదే జరిగితే మా పత్రిక అందరిలాగే చంపినవాడి ఫొటో సగం పేజీ వేసింది. ఆ తర్వాత అలాగే చేయడానికి ఇంకొకడు బయల్దేరాడు. వాడి గదిలో గోడకి మా పేజీ అంటించి ఉంది. అప్పుడు అందరం కూర్చుని ఒక పద్ధతి పెట్టుకున్నాం. రాసింది నేనే. చంపినవాడి ముఖం వేయకూడదు, పేరు పెద్దది చేయకూడదు, వాడు రాసుకున్నవి అచ్చు వేయకూడదు, ఎలా చేశాడో పాఠం చెప్పినట్టు చెప్పకూడదు. పోయినవాళ్ళ సంగతి ముందు చూడాలి. ఆ కాగితం డెస్కు అద్దం కింద ఇప్పటికీ ఉంది.

ఇన్నాళ్ళూ అందరూ బాగుందన్నారు. ఇప్పుడు అదే పని చేస్తే అన్న కొడుకుని దాస్తున్నాడంటున్నారు. ఒక చానల్ మా పేపరుకి 'బాబాయి పత్రిక' అని పేరు పెట్టింది. క్యాంటీన్‌లో నేను కూర్చుంటే ఆ బల్ల దగ్గర వాళ్ళకి ఉన్నట్టుండి పనులు గుర్తొస్తాయి. పద్ధతి నిలబెడితే చుట్టరికం అంటారు. చుట్టరికం లేదని చూపించడానికి పద్ధతి వదిలేస్తే, వాడి ముఖాన్ని నేనే ఊరేగించినవాణ్ణవుతాను. ఈ వార్త దరిదాపుల్లోకి రావద్దని ఎడిటర్ చెప్పేశాడు. ఆయన చోట నేనున్నా అదే చెప్పేవాణ్ణి.

ఫొటో సంగతి. చూసిన క్షణమే నాకూ తెలిసింది. వెంటనే వెళ్ళి చెప్పాను కూడా. ఎడిటర్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, "నువ్వు చెబితే ఎవరు నమ్ముతారయ్యా?" అన్నాడు. పోలీసులని అడిగిస్తే, దర్యాప్తు నడుస్తోంది, ఏమీ చెప్పం అన్నారు. ఆ ముఖం తప్పని ఈ భవనం మొత్తంలో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఎవరూ నమ్మనిదీ నా మాటే.

అలాగే పోనీ అనకు వదినా. ఆ పిల్లాడు బయటికి ఎలా వస్తాడు? మనవాడి ఫొటో ఒకటి పంపు, నా దగ్గరున్నవన్నీ వాడి చిన్నప్పటివే. ఊరి వార్తలు చూసే సిటీ డెస్కు ఆవిడకి చూపించాలి, మంచి మనిషి. ఈలోపు మీరు ఎవరితోనూ ఒక్క మాట కూడా మాట్లాడకండి.

అన్నయ్యని రోజుకోసారైనా లేపి కూర్చోబెట్టు.

నీ మరిది

మార్చి 14

నాయనా,

నిన్న నేనూ లాయరూ జైలుకి వెళ్ళాం. లాయరు కారు వెనక గేటు దగ్గర పెట్టించాడు. నా తల మీద తువ్వాలు కప్పి నడిపించారు, ఎదురుగా మెట్లున్నాయో లేవో కనపడక రెండుసార్లు తూలాను.

మధ్యలో అద్దం. వాడు వచ్చి కూర్చున్నాడు. తిన్నావా అని అడగబోయాను. నోట్లోకి వచ్చిన మాట మింగేశాను. తొమ్మిది మంది పోయారురా అన్నాను. తల ఊపాడు, బస్సు టైము చెబితే ఊపినట్టు. కాసేపటికి వాడే ముందుకి వంగాడు.

"అమ్మా, టీవీలో వేస్తున్నది నేను కాదటగా. ఇక్కడందరూ నవ్వుతున్నారు. నాది ఇవ్వు వాళ్ళకి. నీలం చొక్కాది బాగుంటుంది."

నేను కన్నవాడు నాతో అన్న మాటలివి. ఇంకేం అడగలేదు. నాన్న ఎలా ఉన్నాడని కూడా అడగలేదు.

ఇంటికొచ్చేసరికి టీచరమ్మ నీ ఉత్తరం పట్టుకుని ఉంది. విప్పితే నువ్వూ అదే అడిగావు. ఫొటో పంపు అని. వాడూ నువ్వూ ఒకేరోజు ఒకే మాట. ఎలా ఉంటుందో ఆలోచించు నాకు.

మీ డెస్కులో ఆవిడ మంచిదా? మా మెట్ల మీద కూర్చున్న పిల్ల కూడా మంచిదే. మొన్న టీచరమ్మకి దగ్గొస్తే మందు బిళ్ళ ఇచ్చిందట. అందరూ మంచివాళ్ళే, అందరికీ కావలసింది అదొక్కటే. ఎవరితోనూ మాట్లాడకండి అన్నావు. నీ పేపర్లో ముందు రావాలనా? ఇంటి పరువు కోసం చేయలేదని అంత గట్టిగా రాశావు. సరే. నేనే ఎక్కువ ఊహించుకున్నాను. ఇంటి మనిషివనుకున్నాను.

ఆల్బమ్‌లన్నీ పోలీసులు తీసుకెళ్ళారు. ఒక్క ఫొటో మిగిలింది. అది ఎక్కడ పెట్టానో మీ అన్నయ్యకి కూడా చెప్పను.

వదిన

మార్చి 17

వదినా,

నువ్వు రాసింది చదివి సిగ్గుతో చచ్చిపోయాను. ఫొటో అడిగింది అచ్చు వేయడానికి కాదు. టీవీలో ముఖం పక్కన పెట్టి, ఇతను వేరు, వాడు వేరు అని ఆ ఒక్క మనిషికి చూపించి, నమ్మించి, మళ్ళీ నీకు పంపించేద్దామని. ఆ ముక్క రాయలేకపోయాను. బతుకంతా ఇంకొకళ్ళ వాక్యాలు దిద్దాను, నాది నేను సరిగ్గా రాసుకోలేదు. మాట్లాడకండి అన్నది మళ్ళీ నీ ఏడుపు ఎవడైనా పట్టుకుపోతాడన్న భయంతో.

నిన్నటి సంగతి ఎలా చెప్పాలో తెలియడం లేదు. ఆ రెండో అబ్బాయి ఇన్ని రోజులూ ఇంట్లోనే దాక్కున్నాడు. నిన్న వాళ్ళమ్మకి మందులు అయిపోతే వెళ్ళక తప్పలేదట. మందుల షాపు ముందు ఎవడో గుర్తుపట్టాడు. అది నేను కాదు, నేను కాదు అన్నాడట. అయితే నీ పేరేంటో చెప్పు అన్నారు. చెప్పాడు.

మీ ఆసుపత్రిలోనే ఉన్నాడు. చెయ్యి విరిగింది. ఎడమ కన్ను దక్కదేమో అంటున్నారు. మా పేపర్లో 'గొడవలో యువకుడికి గాయాలు' అని చిన్న ముక్క వచ్చింది. ఏ గొడవో, ఎందుకో లేదు. చానళ్ళు ఆ ఫొటో ఇంకా తీయలేదు. తీస్తే తప్పు ఒప్పుకున్నట్టవుతుందని కాబోలు.

సిటీ డెస్కు ఆవిడ నన్ను పక్కకి పిలిచి, నీ మాట నేను నమ్ముతున్నాను గానీ నీ పేరు చెప్పి వేయలేను, చెప్పకుండానూ వేయలేను అంది.

ఫొటో పంపకు వదినా. నీదే నిజం. వాడు అడిగింది మనం ఇవ్వకూడదు. కానీ ఇవ్వకపోతే ఈ పిల్లాడు కట్లు కట్టుకుని కూడా వాడే. ఎటు తిరిగినా గోడే. నాకేమీ తోచడం లేదు.

ఇంటి మనిషినే. నువ్వు కాదన్నా.

నీ మరిది

మార్చి 20

నాయనా,

నీ ఉత్తరం చదివి మీ అన్నయ్యకి ఇచ్చాను. లేచి కూర్చుని చదివాడు. మళ్ళీ మొదటినుంచీ చదివాడు. తర్వాత, "తలుపు తీద్దామా?" అన్నాడు. ఇన్ని రోజుల్లో ఆయన తనంతట తాను మాట్లాడింది అదే మొదలు.

డ్యూటీకి వేసుకునే తెల్లకోటు వేసుకున్నాను. దానికి జేబులుంటాయి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలుస్తుందని. గడియ తీసేసరికి వాళ్ళే సిద్ధంగా లేరు. ఒకడు బన్ను తింటున్నాడు. ఆ మైకు పిల్ల తలుపుకి ఆనుకుని నిద్రపోతోందేమో, తీయగానే లోపలికి ఒరిగి నా కాళ్ళ దగ్గర పడబోయింది. నేనే పట్టుకుని లేపాను. అప్పుడు లైట్లు వెలిగాయి, ఇక ఎవరూ కనపడలేదు, తెల్లగా ఉంది అంతా.

మీరు రోజూ చూపిస్తున్న ముఖం నా కొడుకుది కాదన్నాను. ఆ అబ్బాయికి దీంతో ఏ సంబంధమూ లేదు, ఉత్త పుణ్యానికి దెబ్బలు తిని ఆసుపత్రిలో ఉన్నాడు అన్నాను. మొదటి రోజే నాకు తెలుసు, చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను అన్నాను. ఇది కూడా చెప్పాలనిపించింది. లేకపోతే ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని ఆ తల్లి అనుకోదా?

అందరూ ఒక్కసారే అరిచారు.

"అయితే అసలు ఫొటో ఇవ్వండమ్మా."

"ఇవ్వను."

"కొడుకుని కాపాడుకుంటున్నారా?"

"వాడు కోరేదే అది. మీరు వాణ్ణి చూపించాలని. అందుకే ఇవ్వను."

జైల్లో ఏమన్నాడు, ఏడ్చాడా, బాధపడుతున్నాడా అని అడిగారు. ఆ రోజు నా ఎక్స్‌రే బల్ల మీద పడుకున్నవాళ్ళ గురించి అడగండి, ఎవరెవరు ఎలా ఉన్నారో అడగండి అన్నాను. ఎవరూ అడగలేదు. చివరికి ఆ మెత్తని గొంతు పిల్ల, కొడుకుని క్షమిస్తారా అంది. చచ్చిపోయింది తన వాళ్ళయినట్టు, నేనేదో ఆ పిల్లకి బాకీ ఉన్నట్టు. మీ అన్నయ్య నన్ను లోపలికి లాగి తలుపు వేశాడు. ఆ కంగారులో ఆయన వేలు నలిగింది. వాచింది, పరవాలేదు.

మేం టీవీ పెట్టలేదు. ఏం జరిగిందో నువ్వే రాయి.

నీ వదిన

మార్చి 24

వదినా,

చెప్పమన్నావు కాబట్టి చెబుతున్నాను.

నువ్వు మాట్లాడిందంతా చూపించలేదు. 'మొదటి రోజే నాకు తెలుసు, చెప్పలేదు' అన్న ముక్క కత్తిరించి పెట్టుకున్నారు. కింద 'తల్లి దాచిన నిజం' అని వేశారు. ఆ సాయంత్రమే వాడు ఇదివరకు చదివిన కాలేజీలో ఎవరి దగ్గరో అసలు ఫొటో సంపాదించారు. నీలం చొక్కాదే. 'ఇదిగో అసలు ముఖం' అని మళ్ళీ మొదటినుంచీ మొదలుపెట్టారు. రెండో అబ్బాయికి క్షమాపణ తెర అడుగున ఒక లైనుగా నడిచి వెళ్ళిపోయింది.

కానీ నువ్వు నోరు తెరిచాక పోలీసులకి తప్పలేదు. ఆ అబ్బాయి నిర్దోషని కాగితం ఇచ్చారు. మెట్ల మీద మా విలేకరి కూడా ఉన్నాడు, నీకు తెలియదు. నీ మాటలు ఒక్కటి కూడా తీయకుండా లోపలి పేజీలో వేశారు, నీ ఫొటో లేకుండా. సిటీ డెస్కు ఆవిడ దగ్గరుండి వేయించింది. చదివితే నీ గొంతు వినిపించింది నాకు.

నన్ను ఆదివారం అనుబంధానికి మార్చారు. పజిళ్ళు, మొక్కల పెంపకం. గులాబీకి ఎరువు ఎప్పుడు వేయాలో కావాలంటే నన్నడుగు. మిగతా పేపర్లు బాగా అమ్ముడయ్యాయని యజమాని గుర్రుగా ఉన్నాడు, ఆ అద్దం కింద కాగితం తీసేయమంటున్నాడు. సిటీ డెస్కు ఆవిడ తీయనంటోంది. ఈ సోమవారం నుంచి పోయిన తొమ్మిదిమంది మీద ఒక్కొక్కరికి అరపేజీ మొదలుపెట్టింది. వాళ్ళు ఎలా పోయారని కాదు, ఎలా బతికారని. నేను ముట్టుకోకూడదు. ఆవిడ ప్రూఫు నా బల్ల మీద మర్చిపోయినట్టు వదిలేసి వెళుతుంది. నేను దిద్ది పెడతాను. ఇద్దరం ఆ సంగతి ఎత్తం.

అన్నయ్యని తీసుకుని మా ఇంటికి వచ్చేయండి. నీ తోడికోడలు గది కూడా సర్దింది.

నీ మరిది

ఏప్రిల్ 9

నాయనా,

రాలేం. నా తోడికోడలికి చెప్పు, కోపం తెచ్చుకోవద్దని. మేమొస్తే మీ మెట్ల మీద కూర్చుంటారు. నీ పిల్లలు బడికి వెళ్ళాలి కదా.

ఇక్కడ మెట్లు ఖాళీ అయ్యాయి. ఇంకెక్కడో ఏదో జరిగిందట, అందరూ అటు పోయారు. ఎవరూ లేరని తెలిసినా దుప్పట్లు తీయబుద్ధి కావడం లేదు. కుళాయి ఇప్పటికీ చిన్నగానే తిప్పుతున్నాను. ఆసుపత్రివాళ్ళు సెలవు పొడిగించుకోమన్నారు. ఎప్పటిదాకా అని అడిగితే, చూద్దాం అన్నారు. మీ అన్నయ్య ఒకరోజు కారు తాళాలు తీసుకుని కిందిదాకా వెళ్ళి, తిరిగొచ్చి కూర్చున్నాడు.

ఆ అబ్బాయి తల్లి వచ్చింది. మూడంతస్తులు ఎక్కి ఆయాసపడుతోంది. కూర్చోమంటే కూర్చోలేదు.

"మొదటి రోజే తెలుసన్నావట."

"అవును."

"నా కొడుక్కి ఎడమ కన్ను లేదిక. నీ నోరు ఆ రోజే లేచి ఉంటే ఉండేది."

అంతే అని వెళ్ళిపోయింది. క్షమించమని అడగలేదు నేను. అడిగితే ఆవిడ అవునో కాదో ఏదో ఒకటి చెప్పాల్సి వచ్చేది. అదొక పని కూడా ఆవిడకి పెట్టడం ఎందుకు? రెయిలింగు పట్టుకుని ఒక్కో మెట్టూ దిగుతుంటే చూస్తూ నిలబడ్డాను.

జైలుకి వెళ్ళాను. వాడు హుషారుగా వచ్చి కూర్చున్నాడు. "ఇప్పుడు సరిగ్గా వేశారట" అన్నాడు. టీచరమ్మ దాచిన మీ పేపరు తీసుకెళ్ళాను. విప్పి చదవడం మొదలుపెట్టాను. బస్ స్టేషన్‌లో అద్దాలు తుడిచే ఆయన గురించి. తనకి ఈత రాకపోయినా గట్టున నడుస్తూ కూతురికి ఈత నేర్పించాడట, చెయ్యి అలా కాదు ఇలా అని. అది చదువుతుంటే వాడు అడ్డం వచ్చాడు.

"ఇదంతా ఎందుకు? అందులో నా గురించి ఏముంది?"

"ఏమీ లేదు."

"పేరు కూడానా?"

"లేదు."

అద్దం అవతల వాడి ముఖం ఎలా మారిందో నీకు రాయలేను. చిన్నప్పుడు చీకటి గదిలో లేచినప్పుడు అలా ఉండేది. కన్నతల్లిని, పేపరు మడిచేద్దామనుకున్నాను. అయినా చదివాను. తల తిప్పుకున్నాడు, చెవులు మూసుకున్నాడు, ఇంకెప్పుడూ రావద్దన్నాడు. వార్డరు వచ్చి టైమైందనేదాకా చదివాను.

తర్వాతి వారం మళ్ళీ వెళ్ళాను. రానంటాడేమో అనుకున్నాను. వచ్చాడు. నేను తప్ప వాడి దగ్గరికి వచ్చేవాళ్ళు లేరు. అక్కడికి తప్ప నాకూ వెళ్ళే చోటు లేదు. ఇద్దరం అద్దానికి చెరోవైపు కూర్చుంటాం, నేను చదువుతాను. వింటున్నాడో లేదో తెలియదు. మొన్న ఒకసారి మాత్రం, ఆ కూతురికి ఈత వచ్చిందా అని అడిగాడు. పేపర్లో లేదు, నాకు తెలియదు అన్నాను.

ఇది ఎన్నాళ్ళు చేస్తానో, చేస్తే ఏమవుతుందో అడగకు. నాకు తెలియదు.

టికెట్ కౌంటర్‌లో పనిచేసిన అమ్మాయిది సగంలో ఉండగా టైమైపోయింది. వచ్చే వారం అక్కణ్ణుంచి చదవాలి. మిగతావాళ్ళవి ఇక్కడ దొరకడం లేదు, పేజీలు పంపు. దిద్దేటప్పుడు మరీ పొడుగు వాక్యాలు ఉంచకు. మధ్యలో ఊపిరి అందడం లేదు.

నీ వదిన